బాణీ పట్టుకుని పోతే



గద్దర్ పాట మొదటిసారి చెవిన పడ్డ కుర్రాడెవరైనా పాట అయిపోగానే ఒక ప్రశ్న వేస్తాడు. ఇలా రాసి, కట్టి, తనే పాడేవాళ్ళు ఇంకెవరున్నారు? చేతిలో ఫోను ఉంది కాబట్టి జవాబు కోసం ఎదురుచూసే పని లేదు. ఒక పాట ముగిసేలోపే రెండోది వచ్చి నిలబడుతుంది. అయితే అలా వచ్చేవాటిలో సగం అదే గొంతు, తక్కిన సగం డప్పు దరువు పెట్టి పెళ్ళి బరాతుకు కట్టిన హుషారు పాటలు. ఆ పాట విన్నవాళ్ళు ఇంకేం విన్నారన్న లెక్కే ఫోనుకు ఆధారం. పాట ఎక్కడ పుట్టింది, ఎవరి నోటి నుంచి ఎవరి నోటికి వచ్చింది అన్నది ఆ లెక్కలోకి రాదు. జానపదుల దారిలో నడిచిన వాగ్గేయకారుల విషయంలో వెతకాల్సింది మాత్రం సరిగ్గా అదే.

వీళ్ళ మధ్య చుట్టరికం గొంతులో ఉండదు. గద్దర్ గొంతుకీ గోరటి వెంకన్న గొంతుకీ పోలిక లేదు. వంగపండు ప్రసాదరావు గొంతుకీ అందెశ్రీ గొంతుకీ అసలే లేదు. చుట్టరికమంతా బాణీలో ఉంది, వాద్యంలో ఉంది, దళంలో ఉంది, ఊరి మట్టిలో ఉంది. వాటిని పట్టుకుని వెనక్కి నడిస్తే ఒక్కో పాట మరో ముగ్గురు మనుషుల గుమ్మం ముందు నిలబెడుతుంది.

ఉదాహరణకు ‘మా భూమి’ సినిమానే తీసుకోవచ్చు. గౌతమ్ ఘోష్ దర్శకత్వంలో బి.నర్సింగరావు, జి.రవీంద్రనాథ్ నిర్మించిన ఈ చిత్రం 1980లో తెలుగునాట విడుదలైంది. కృష్ణచందర్ ఉర్దూ నవల దీనికి ఆధారం. కాలికి గజ్జె, భుజాన గొంగడితో గద్దర్ తెరమీదికొచ్చి ‘బండెనక బండి కట్టి’ పాడిన ఘట్టాన్ని నలభై ఏళ్ళు దాటినా తెలుగువాళ్ళు మరిచిపోలేదు. అది గద్దర్ రాసిన పాటే అనుకునేవాళ్ళు ఇప్పటికీ చాలామంది ఉన్నారు. ఆ పాట కట్టింది బండి యాదగిరి. నిజాం పాలన మీదా, దొరల మీదా తెలంగాణ రైతాంగం సాయుధంగా తిరగబడిన రోజుల్లో, అంటే 1946కీ 1951కీ మధ్య పుట్టిన పాట అది. గద్దర్ దాన్ని మూడు దశాబ్దాల తర్వాత అందుకున్నారు. మధ్యలో ఆ పాటను బతికించినవి ఊళ్ళే.

అదే సినిమాలో ఇంకో పాట ఉంది. పశులు కాసే పసివాడిని పలకరించే ‘పల్లెటూరి పిల్లగాడా’. ఇది సుద్దాల హనుమంతు రచన. బండి పాటలో ఉన్న ఉరకలు దీంట్లో కనబడవు. జీతమున్న పిల్లవాడి కష్టాన్ని పక్కన కూర్చుని అడిగినట్టు, ఒక్కొక్క వివరమే తీస్తూ సాగుతుంది. కోపం తెప్పించడానికి కేక వేయక్కర్లేదని తెలిసిన కవి మాత్రమే ఇలా రాయగలడు. ఒక్క సినిమా చూస్తే ఇద్దరు కవులు, ఒక గాయకుడు దొరికారు. తర్వాతి అడుగు హనుమంతు వైపు వేస్తే ఇంకా పెద్ద లోకమే తెరుచుకుంటుంది.

నల్లగొండ ప్రాంతంలోని సుద్దాల గ్రామం పేరే ఇంటిపేరైన హనుమంతు 1982లో కన్నుమూశారు. ఆయన చేసిన పెద్ద పని, ఊరికి అలవాటైన ఆటపాటలను ఉద్యమం చేతికి అందించడం. గొల్లసుద్దులు, పిట్టలదొర, ఫకీరు వేషం, బుర్రకథ, యక్షగానం, ఇలా జనం పండగపూట చూసే ప్రతి రూపాన్నీ ఆయన వాడుకున్నారు. గొల్లసుద్దుల్లో ఒకడు కథ ఎత్తుకుంటే పక్కవాడు అందుకుంటాడు. మధ్యలో ఆగి ఎగతాళిగా ఒక మాట అడుగుతాడు. దానికి జవాబు చెబుతూనే కథ ముందుకు నడుస్తుంది. భుజాన గొంగడి, చేతిలో కర్ర ఉంటాయి. ఇది చూసినవాళ్ళకు గద్దర్ ఆహార్యం ఎక్కడి నుంచి వచ్చిందో వేరే చెప్పనక్కర్లేదు. హనుమంతు కొడుకు సుద్దాల అశోక్ తేజ సినిమా కవిగా ‘ఠాగూర్’ చిత్రంలోని పాటకు జాతీయ పురస్కారం అందుకున్నారు. తండ్రి పాటలు విన్నాక కొడుకు పాటలు వింటే ఏది మిగిలిందో, ఏది మారిందో చెవికే తెలుస్తుంది.

ఇక బుర్రకథ. గద్దర్ సభల రికార్డింగులు శ్రద్ధగా విన్నవాళ్ళకు ఒక సంగతి అర్థమవుతుంది. ఆయన పాటను ఏకబిగిన పాడరు. రెండు చరణాలు పాడి ఆగుతారు, మాట్లాడతారు, జనాన్ని ప్రశ్నిస్తారు, వెనకున్న వంతపాటవాళ్ళు ఒక మాట అందిస్తే దాని మీద మళ్ళీ పాట ఎత్తుకుంటారు. ఈ నడక బుర్రకథది. భుజాన తంబుర, బొటనవేలికి అందెతో కథకుడు మధ్యలో నిలబడితే, రెండు పక్కలా ఇద్దరు వంతలు డక్కీలతో ఉంటారు. ఒకరిది హాస్యం, ఇంకొకరిది రాజకీయం. కథ పల్నాటిదైనా బొబ్బిలిదైనా రాజకీయపు వంత దాన్ని ఈ పూటకు లాక్కొస్తాడు.

ఈ కళను ఆధునిక కాలానికి సరిపడా మలిచినవారు షేక్ నాజర్. గుంటూరు జిల్లా పొన్నెకల్లులో 1920లో పుట్టారు. శాస్త్రీయ సంగీతం నేర్చుకున్న గొంతు ఆయనది. బెంగాల్ కరువు మీద కథ కట్టి ఊరూరా చెప్పారు. 1986లో పద్మశ్రీ వచ్చింది, 1997లో చనిపోయారు. ఆయన జీవితకథ ‘పింజారి’ని అంగడాల వెంకటరమణమూర్తి అక్షరబద్ధం చేశారు. తెలుగులో కళాకారుల ఆత్మకథల్లో దానికి సాటి వచ్చేవి తక్కువ. ఆయన కథ చెప్పే తీరు ఎలా ఉండేదో చూడాలంటే ఎన్.టి.రామారావు నటించిన 1954 నాటి ‘అగ్గిరాముడు’ దొరుకుతుంది. అందులో అల్లూరి సీతారామరాజు బుర్రకథ చెప్పింది నాజర్ దళమే. ఆ ఘట్టం చూసి, వెంటనే గద్దర్ సభ రికార్డింగు ఒకటి పెట్టుకుంటే రెండింటి మధ్య రక్తసంబంధం దాగదు. ఊపిరి ఎక్కడ తీసుకుంటారు, వంతకు ఎక్కడ చోటిస్తారు, మాట ఎక్కడ పాటలోకి జారుతుంది అన్న మూడూ గమనిస్తే చాలు.

నాజర్ వెనక ప్రజానాట్యమండలి ఉంది. 1943లో దేశమంతటా మొదలైన ఇప్టా (ఇండియన్ పీపుల్స్ థియేటర్ అసోసియేషన్) ఉద్యమానికి తెలుగు శాఖ అది. ఆ పేరు పట్టుకుంటే దారి రాష్ట్రం దాటుతుంది. బొంబాయిలో పవాడాలనే మరాఠీ వీరగాథలు పాడిన అన్నాభావు సాఠే, అమర్ షేక్, బెంగాలులో సలిల్ చౌధురి, అస్సాంలో హేమాంగ విశ్వాస్, భూపేన్ హజారికా అందరూ ఆ ఉద్యమం నీడలో పాడినవాళ్ళే. హజారికా న్యూయార్క్ కొలంబియా విశ్వవిద్యాలయంలో చదివే రోజుల్లో నల్లజాతి మహాగాయకుడు పాల్ రోబ్సన్‌ను కలిశారు. మిసిసిపీ నది మీద రోబ్సన్ పాడిన పాట స్ఫూర్తితో బ్రహ్మపుత్ర మీద పాట కట్టారు. భాష రాకపోయినా ఈ పాటల్లో తెలుగు శ్రోతకు తెలిసినదేదో తగులుతుంది. పొన్నెకల్లులో బయలుదేరిన శ్రోత మిసిసిపీ గట్టుకు చేరడంలో వింత ఏమీ లేదు.

మళ్ళీ తెలుగు నేలకొస్తే, ఉత్తరాంధ్ర బాణీ పూర్తిగా వేరు. అక్కడి కథాగానానికి జముకులకథ అని పేరు. జముకు చూడ్డానికి చిన్న వాద్యమే. లోపల డొల్లగా ఉండి, ఒక మూతికి తోలు బిగించి ఉంటుంది. ఆ తోలు నడిమి నుంచి ఒక తీగ బయటికొస్తుంది. వాద్యాన్ని చంకలో ఇరికించుకుని, తీగ కొసను ఒక చేత్తో లాగి పట్టి, రెండో చేత్తో మీటుతారు. గట్టిగా లాగితే స్వరం పైకి పోతుంది, వదులు చేస్తే కిందికి దిగుతుంది. దెబ్బా స్వరమూ ఒకే మీటులో పలుకుతాయి. మనిషి గొణిగినట్టూ, ప్రశ్న అడిగినట్టూ వినిపించే ఆ నాదం ఒకసారి చెవిలో పడితే, ఆ ప్రాంతపు పాటల్లో వాద్యం లేనిచోట కూడా ఆ ఊగు వినబడుతుంది.

శ్రీకాకుళ గిరిజన పోరాట కాలంలో సుబ్బారావు పాణిగ్రాహి ఈ జముకులకథను చేతబట్టారు. 1969 డిసెంబరులో ఆయన ప్రాణాలు పోయాయి. పాటలు మాత్రం జిల్లా సరిహద్దులు దాటాయి. ఆ తర్వాతి తరంలో వచ్చినవారు వంగపండు ప్రసాదరావు. పార్వతీపురం దగ్గర పెదబొండపల్లిలో 1943లో పుట్టి, విశాఖ షిప్‌యార్డులో కార్మికుడిగా పనిచేశారు. యంత్రం ఎలా నడుస్తుందో, దాన్ని నడిపే చేతులు ఎవరివో చెప్పే ఆయన యంత్రం పాటలో ఆ ఫ్యాక్టరీ అనుభవం ఉంది. లయ కూడా చక్రం తిరిగినట్టే తిరుగుతుంది. పొలం పాటలు రాసినవాళ్ళు తెలుగులో వందల మంది ఉన్నారు. యంత్రం ముందు నిలబడి పనిచేసిన మనిషి రాసిన ఇంత మంచి పాట ఇంకోటి చూపించడం కష్టం.

వంగపండు పేరు చెప్పగానే అందరికీ గుర్తొచ్చేది ‘ఏం పిల్లడో’. 1986లో ఆర్.నారాయణమూర్తి తీసిన ‘అర్ధరాత్రి స్వతంత్రం’తో అది ఇంటింటికీ చేరింది. ప్రియుడూ ప్రియురాలూ సరసమాడుకునే బాణీలో పోరాటానికి పిలుపు ఇమిడ్చారు. ఉత్తరాంధ్ర యాస దానికి ప్రాణం. ఆ యాసను పుస్తకాల భాషలోకి మార్చి పాడితే పాట చచ్చిపోతుంది. 2020 ఆగస్టులో వంగపండు పోయాక ఆయన కూతురు ఉష ఆ పాటలను వేదికల మీద పాడుతూనే ఉన్నారు. తండ్రి గొంతులో ఒకసారి, కూతురి గొంతులో ఒకసారి వినడం మంచి పద్ధతి. అదే పాటలో రెండు వేర్వేరు బలాలు బయటపడతాయి.

గద్దర్, వంగపండు ఒకే కాలపు మనుషులు, ఒకే ఉద్యమ గాలి పీల్చినవాళ్ళు. వాళ్ళు పాడిన జననాట్యమండలి 1972లో పుట్టింది. మెదక్ జిల్లా తూప్రాన్ నుంచి వచ్చిన గుమ్మడి విఠల్ రావు హైదరాబాదులో గద్దర్ అయ్యారు. ఆయనకు దక్కిన బలం పల్లె ఆడవాళ్ళ పాట. నాట్లేసేటప్పుడు, బతుకమ్మ ఆడేటప్పుడు, పిల్లను ఊయల్లో వేసేటప్పుడు పాడే బాణీల్లోకి ఆయన కొత్త మాటలు ఎక్కించారు. 1995లో వచ్చిన ‘ఒరేయ్ రిక్షా’లోని చెల్లెమ్మ పాటకు నంది పురస్కారం ప్రకటిస్తే ఆయన తీసుకోలేదు. 1997 ఏప్రిల్‌లో ఆయన మీద కాల్పులు జరిగాయి. ఒక తూటా ఒంట్లోనే మిగిలిపోయింది. 2023 ఆగస్టు 6న మరణించేదాకా ఆ తూటాతోనే తిరిగారు, ఆ తూటాతోనే గజ్జె కట్టి పాడారు.

ఆ పల్లె ఆడవాళ్ళ పేర్లు ఎక్కడా లేవు. ఉయ్యాలో, కోల్, వలలో, చందమామ అని వంత అందుకునే బతుకమ్మ వలయంలో ఒక్క మనిషి ముందు చెబితే పదిమంది తర్వాత అంటారు. ముందు చెప్పే ఆమే కవి, ఆమే స్వరకర్త, ఆమే గాయని. ఏటా కొత్త సంగతి కలుపుతుంది. కరువొచ్చిన ఏడు కరువు, చెరువు నిండిన ఏడు చెరువు పాటలోకి వస్తాయి. రాసి పాడేవాళ్ళ జాబితా తయారు చేసేటప్పుడు మొదటి వరుసలో కూర్చోవాల్సినవాళ్ళు వీళ్ళే. ఉస్మానియాలో బిరుదురాజు రామరాజు చేసిన ‘తెలుగు జానపద గేయ సాహిత్యము’ పరిశోధన, నేదునూరి గంగాధరం ఊరూరా తిరిగి సేకరించి అచ్చువేసిన ‘మిన్నేరు’ లాంటి సంపుటాలు లేకపోతే ఈ సంపదలో ఎంత భాగం మట్టిలో కలిసిపోయేదో ఊహించడానికే బాధగా ఉంటుంది.

ఆ వలయం నుంచి వేదిక మీదికి నడిచొచ్చిన స్త్రీలు కొందరున్నారు. అరుణోదయ సాంస్కృతిక సమాఖ్య నుంచి వచ్చిన విమలక్క తెలంగాణ ఉద్యమంలో బతుకమ్మనే ఉద్యమ వేదికగా మార్చారు. భువనగిరిలో నూలు మిల్లులో పనిచేసిన బెల్లి లలిత తెలంగాణ కోసం పాట ఎత్తుకున్న తొలి తరం గాయని. 1999లో ఆమెను అతి దారుణంగా హత్య చేశారు. ఆమె పాటలు వినాలనుకునేవాళ్ళు దొరికిన పాత రికార్డింగును దొరికినట్టే వినాలి. శబ్దం శుభ్రంగా లేదని పక్కన పెడితే వినే అవకాశమే పోతుంది.

ఇప్పుడు గోరటి వెంకన్న. ఈయన దగ్గర కాస్త ఎక్కువసేపు కూర్చోవాలి. నాగర్‌కర్నూల్ ప్రాంతంలోని గౌరారం ఆయన ఊరు. 2002లో వచ్చిన ‘కుబుసం’ చిత్రంలో పల్లె కన్నీరు పాటతో ఆయన పేరు తెలుగునాట మూలమూలకూ చేరింది. ఆ సినిమాలో పాడింది వందేమాతరం శ్రీనివాస్. కంచుకంఠం, బరువైన దుఃఖం ఉన్న ఆ పాటను అలా విన్నవాళ్ళు ఆ తర్వాత వెంకన్న స్వయంగా పాడగా కూడా తప్పకుండా వినాలి. ఆయన పాడితే దుఃఖం మీద ఒక ఆట తోడవుతుంది. చేతులు పైకెత్తి, అడుగులేస్తూ, గిరగిరా తిరుగుతూ పాడతారు. కులవృత్తులు ఎలా పోయాయో, ఊరి చేతిపనులన్నీ ఎలా మూలపడ్డాయో ఒక్కొక్కటే చెబుతూ పోతారు. సినిమాలోది శోకగీతం. వెంకన్న నోట అదే పాట ఊరి లెక్కల పుస్తకం.

ఆయన ఊరి వైపు పారే దుందుభి వాగు ఆయన పాటల్లో ఒక మనిషి. వాగు ఎండిపోవడం మీద ఆయన రాసిన పాటలో ఇసుక, చెలిమలు, చేపలు, గట్టున చెట్లు అన్నీ పేరుపేరునా వస్తాయి. నగరంలో గల్లీ మీద రాసినా అంతే. ఏ వస్తువునూ మొత్తంగా ‘పల్లె’ అనో ‘పేదరికం’ అనో అనేసి వదలరు. రెండు పిట్టల పేర్లు, మూడు గడ్డి పేర్లు చెప్పకుండా ముందుకు కదలరు. ‘వల్లంకి తాళం’ సంపుటికి 2021లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది. పాటను కవిత్వంగా ఒప్పుకోవడానికి మొహమాటపడిన పండితులకు అది మంచి జవాబు.

వెంకన్న నచ్చితే ముందుకు రెండు దారులున్నాయి. ఒకటి తత్వాల దారి. పోతులూరి వీరబ్రహ్మం పేరుమీద, ఆయన శిష్యుడు దూదేకుల సిద్ధయ్య పేరుమీద ఊళ్ళ భజన మందిరాల్లో ఇప్పటికీ పాడే తత్వాల్లో శరీరాన్ని ఇల్లనో, బండనో, తోలుతిత్తి అనో చెప్పే పద్ధతి ఉంది. వెంకన్న పాటలో లోతుకు దిగేచోట ఆ గొంతు వినబడుతుంది. రెండో దారి కిన్నెర మీదుగా పోతుంది. అదే నాగర్‌కర్నూల్ జిల్లా అవుసలికుంటకు చెందిన దర్శనం మొగులయ్య పన్నెండు మెట్ల కిన్నెర వాయిస్తారు. వెదురు కర్ర, దానికి కట్టిన ఎండు సొరకాయ బుర్రలు, కర్ర పొడుగునా పన్నెండు మెట్లు ఉంటాయి. దొరల్ని దోచి పేదలకు పెట్టిన పండుగ సాయన్న కథ ఆయన నోట వినాలి. ‘భీమ్లా నాయక్’ పాట మొదట్లో వినిపించే ఆ గొంతు ఈయనదే. 2022లో పద్మశ్రీ వచ్చింది. సినిమాలో వినబడే ఆ కాసేపు ఒక పెద్ద ఇంటికి తలుపు సందు మాత్రమే. సాయన్న కథ మొత్తం విన్నవాళ్ళకు ఆ ఇల్లు ఎంత పెద్దదో తెలుస్తుంది.

అందెశ్రీ దారి తత్వానికి ఇంకా దగ్గర. ఇప్పటి సిద్దిపేట జిల్లాలోని రేబర్తిలో పుట్టిన ఆయన బడికి పోలేదు. పశువులు కాశారు, తాపీపని చేశారు. మనిషి మాయమైపోతున్నాడని బెంగపడుతూ ఆయన కట్టిన పాటలో శత్రువు ఎవరో బయట లేడు. వినేవాడి లోపలే ఉన్నాడు. ఉద్యమ పాట వినీ వినీ అలవాటైన చెవికి ఇది కొత్తగా తగులుతుంది. ఆయన రాసిన ‘జయ జయహే తెలంగాణ’ను 2024లో రాష్ట్ర గీతంగా స్వీకరించారు. ఎం.ఎం.కీరవాణి దానికి స్వరాలు కూర్చారు. 2025 నవంబరు 10న అందెశ్రీ కన్నుమూశారు. కీరవాణి వాద్యబృందంతో ఉన్న రాష్ట్ర గీతం విన్నవాళ్ళు, ఉద్యమ సభల్లో వాద్యాలేవీ లేకుండా అందెశ్రీ ఒక్కరే పాడిన పాతదీ వెతికి వినాలి. ఏ వాద్యం లేనప్పుడు ఆ మాటల నడక ఇంకా బలంగా ఉంటుంది.

గూడ అంజయ్య సంగతి చెప్పకుండా ఈ ముచ్చట పూర్తికాదు. ఆదిలాబాదు వైపు లింగాపురంలో పుట్టారు, 2016లో పోయారు. ‘ఊరు మనదిరా’ ఆయనదే. అదొక్కటి చాలు పేరు నిలవడానికి. అయితే దానితోనే ఆగిపోకూడదు. ఫార్మసిస్టుగా ఉద్యోగం చేసిన మనిషి సర్కారు దవాఖాన మీద రాసిన పాట వినాలి. మందుల గదిలో నిలబడి రోగుల మాటలు విన్నవాడికే తెలిసే సంగతులు అందులో ఉన్నాయి. నవ్వు తెప్పిస్తూనే గొంతు పట్టేస్తుంది. ప్రకృతి మీద, చెట్టు మీద, అమ్మ మీద రాసే జయరాజ్ కూడా ఈ వరుసవాడే. 2023లో కాళోజీ పురస్కారం ఆయనకు దక్కింది.

వెతికేవాళ్ళకు పనికొచ్చే మాట ఒకటి ఉంది. పాట కింద రాసిన పేరును పూర్తిగా నమ్మకూడదు. ఫోనులో పాట పక్కన సాధారణంగా కనిపించేది పాడినవాళ్ళ పేరు, లేకపోతే సినిమా పేరు, లేకపోతే ఉత్త ‘జానపదం’. జానపదం అని రాసిన పాటల్లో చాలావాటికి బతికున్న కవి ఉన్నాడు. కవి పేరు రాసిన పాటల్లో చాలావాటి బాణీకి పేరులేని తల్లి ఉంది. రెండు ప్రశ్నలూ అడగాలి. మాటలు ఎవరివి? బాణీ ఎక్కడిది? ఆర్.నారాయణమూర్తి సినిమాలు ఈ విషయంలో ఒక గ్రంథాలయం లాంటివి. ‘ఎర్రసైన్యం’, ‘చీమలదండు’ మొదలు ‘పోరు తెలంగాణ’ వరకు ఒక్కో సినిమాలో పాటల రచయితల పేర్లు చూసుకుంటూ పోతే ఆ కాలపు ప్రజాకవుల చిరునామా పుస్తకం తయారవుతుంది.

బాణీ వెంట నడవడం తెలుగువాళ్ళకే ప్రత్యేకం కాదు. అమెరికాలో వుడీ గత్రీ 1940లో రాసిన ‘దిస్ లాండ్ ఈజ్ యువర్ లాండ్’ బాణీ, అంతకుముందు కార్టర్ ఫ్యామిలీ పాడిన ఒక భక్తిగీతానికి దగ్గరిది. ఆ గత్రీ మీద అభిమానంతో న్యూయార్క్ వెతుక్కుంటూ వచ్చిన బాబ్ డిలన్, గత్రీ గురించి తాను రాసిన తొలి పాటల్లో ఒకదాన్ని గత్రీ బాణీ మీదే కట్టారు. డిలన్‌కు ప్రపంచ ప్రఖ్యాతి తెచ్చిన ‘బ్లోయిన్ ఇన్ ద విండ్’ వెనక నల్లజాతి బానిసలు పాడుకున్న విమోచన గీతం ఉంది. అక్కడ కూడా పాట నచ్చిన శ్రోత డిలన్ దగ్గర ఆగకుండా గత్రీకి, గత్రీ నుంచి కార్టర్ కుటుంబానికి, అక్కడి నుంచి చర్చి పాటలకు నడిచాడు. అలా నడిచినవాళ్ళలోంచే తర్వాతి తరం గాయకులు పుట్టారు.

కొత్తవాళ్ళ మాటేమిటి? ఉన్నారు, మంచివాళ్ళే ఉన్నారు. రాతిబొమ్మల్లో కొలువైన శివుడిని నిలదీసే పాటతో ఊరూరా తెలిసిన మిట్టపల్లి సురేందర్ తల్లి మీద, ఊరి మీద రాసిన పాటలు నిలబడేవి. 2023లో వచ్చిన ‘బలగం’లో ‘ఊరు పల్లెటూరు’ రాసిన కాసర్ల శ్యామ్‌కు జాతీయ పురస్కారం వచ్చింది. దాన్ని పాడినవాళ్ళలో రామ్ మిరియాల ఒకరు. చౌరస్తా బ్యాండుతో ఆయన చేసిన పాటల్లో పట్నం బతుక్కీ ఊరి బాణీకీ స్నేహం కుదిరింది. అదే సినిమా చివర్లో కొమురమ్మ, మొగిలయ్య దంపతులు చెప్పిన కథ థియేటర్లలో జనాన్ని ఏడిపించింది. వాళ్ళు బుర్రకథ చెప్పుకుని బతికిన కళాకారులు. ఈ మొగిలయ్య వేరు, కిన్నెర మొగులయ్య వేరు. ఈయన 2024 డిసెంబరులో చనిపోయారు. అంటే, ఒక కొత్త సినిమా పాట నచ్చి బయలుదేరినా చివరికి నాజర్ నడిచిన దారిలోకే వచ్చి పడతాం.

బరాతు పాటల్ని తప్పుపట్టాల్సిన పని లేదు. వాటి పని ఆడించడం, ఆడిస్తున్నాయి. అయితే పాత బాణీ మీద కొత్త మాటలు పెట్టేటప్పుడు ఆ మాటలు బాణీకి తగినంత బరువు మోయాలి. డప్పు ఒకటే ఉండి మాట పలచబడితే రెండు వారాల్లో పాట మరుగున పడుతుంది. గూడ అంజయ్య పాటకు యాభై ఏళ్ళ ఆయుష్షు ఎక్కడి నుంచి వచ్చిందంటే మాట నుంచే.

మొదలుపెట్టదలచినవాళ్ళకు వరుస ఒకటి. ముందు ‘మా భూమి’లో యాదగిరి పాట, వెంటనే అందులోనే హనుమంతు పాట. తర్వాత ‘అగ్గిరాముడు’లో నాజర్ బుర్రకథ, దాని వెనకే గద్దర్ సభ రికార్డింగు ఏదైనా. ఆ పైన వంగపండు యంత్రం పాట, అంజయ్య దవాఖాన పాట. తర్వాత పల్లె కన్నీరు పాట రెండుసార్లు, ఒకసారి శ్రీనివాస్ గొంతులో, ఒకసారి వెంకన్న గొంతులో. ఆఖరున మొగులయ్య కిన్నెర, పండుగ సాయన్న కథ మొత్తం, మధ్యలో ఆపకుండా. ఇంట్లో నాట్లకు పోయిన అమ్మమ్మో నాయనమ్మో ఉంటే ఈ పాటలు ఆమె పక్కన కూర్చుని పెట్టండి. వీటిలో ఏ బాణీ ఆమెకు ముందే తెలుసో, దానికి ఆమె దగ్గరున్న పాత మాటలేమిటో అడిగి, ఫోనులో రికార్డు చేసుకోండి.